అట్టపెట్టెలో రైలుపెట్టె

సెలవుల్లో ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే రైలుపెట్టెలు కడతానని చెప్తాను. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, "మీ అబ్బాయి కోసమా?" అని. నాకు అబ్బాయి లేడు. ఆ మాట చెప్తే "పోనీ, మీవారి కోసమా?" అంటారు. ఈ ప్రశ్న తెలుగువాళ్లు అడిగారు, అమెరికన్లు అడిగారు, యూనివర్సిటీలో నాతోపాటు జెండర్ పాఠాలు చెప్పే స్త్రీలు కూడా అడిగారు. నా కోసమే అంటే నవ్వేసి ఊరుకుంటారు. ఆ నవ్వులో చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. కానీ రైలుబొమ్మ అనగానే దాని పక్కన ఒక మగపిల్లవాడు ఎందుకు వచ్చి నిలబడతాడు? అతన్ని అక్కడ ఎవరు నిలబెట్టారు? ఎప్పుడు నిలబెట్టారు? అతను రాకముందు అక్కడ ఎవరున్నారు?

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగిన తరం నాది. అప్పుడు మీరెక్కడున్నారు, ఏం చేశారు అని ఆడవాళ్లని అడగాలని ఆ పుస్తకం నేర్పింది. సాయుధ పోరాటం గురించి అడిగిన ప్రశ్నని ఆటబొమ్మ గురించి అడగడం కొందరికి చిన్నతనంగా కనిపించవచ్చు. కానీ మన పిల్లల చేతుల్లోకి మొదట వచ్చే చరిత్ర ఆటబొమ్మే కదా!

ముందు నేను చేసే పనేమిటో చెప్పాలి. నేను ఉండేది బాల్టిమోర్‌లో. డిసెంబరు మధ్యకి పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోతుంది. మళ్లీ క్లాసులు మొదలయ్యేలోగా నాలుగైదు కిట్లు కడతాను. కిట్ అంటే జానెడు అట్టపెట్టె. అందులో ఒక రైలుపెట్టెకి కావలసిన భాగాలన్నీ విడివిడిగా ఉంటాయి. నేను కట్టేవి 'హెచ్.ఓ.' కొలతవి. అంటే అసలు రైలుపెట్టెలో 87వ వంతు. అసలు దాంట్లో అడుగు పొడవుంటే ఇందులో మూడున్నర మిల్లీమీటర్లు. 40 అడుగుల గూడ్సుపెట్టె అయిదున్నర అంగుళాలకి వస్తుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు.

పెట్టె విప్పితే ప్లాస్టిక్ ఒళ్లు, అడుగుభాగం, బరువు కోసం ఇనుపరేకు, తలుపులు, బ్రేకు సిలిండరు, గాలితొట్టి, వాల్వు, రెండు బోగీలు, నాలుగు జతల చక్రాలు, రెండు కప్లింగులు, మరలు ఉంటాయి. మనవైపు బోగీ అంటే పెట్టె మొత్తానికి పేరైపోయింది గానీ నిజానికి బోగీ అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం. చిన్న భాగాలని కాడ నుంచి తెంపి, తెంపినచోట ఆకురాయితో నున్నగా చెయ్యాలి. రేకు అతికించాలి. బోగీలు బిగించడంలో ఒక కిటుకుంది. ఒక మరని గట్టిగా, రెండోదాన్ని కాస్త వదులుగా తిప్పాలి. అప్పుడే ఎగుడుదిగుడు పట్టాల మీద పెట్టె కుదురుగా పోతుంది. రెండూ బిగించేస్తే మలుపులో చక్రం లేస్తుంది. రెండూ వదిలేస్తే పెట్టె ఊగుతుంది.

బరువుకీ లెక్క ఉంది. 1935లో మిల్వాకీలో ఏర్పడిన అమెరికా మోడల్ రైలుకారుల జాతీయ సంఘం పెట్టిన లెక్క అది. హెచ్.ఓ. పెట్టెకి మొదట ఒక ఔన్సు, ఆ పైన పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున ఉండాలి. అయిదున్నర అంగుళాల పెట్టె మూడుముప్పావు ఔన్సులు, అంటే ఇంచుమించు 106 గ్రాములు తూగాలి. నేను వంటింటి తూనిక మీదే తూస్తాను. తక్కువైతే లోపల మరో ఇనుపముక్క అతికిస్తాను. తేలిక పెట్టెలు పొడవాటి రైలు మధ్యలో పడితే మలుపు దగ్గర పట్టాలు దిగిపోతాయి.

ఇదంతా క్రిస్మస్ రోజుల్లోనే ఎందుకంటే, అమెరికాలో రైలుబొమ్మకీ క్రిస్మస్‌కీ విడదీయలేని సంబంధం ఉంది. పెన్సిల్వేనియాలో 1741లో బెత్లహేం ఊరు కట్టుకున్న మొరావియన్ క్రైస్తవులు పండక్కి ఇంట్లో 'పుట్స్' పెట్టేవారు. నాచు, రాళ్లు, చెక్కబొమ్మలతో క్రీస్తు పుట్టిన పాకని, దానిచుట్టూ కొండలని, ఊరిని అమర్చేవాళ్లు. జర్మన్ మూలాలున్న కుటుంబాల్లో ఈ అలవాటు క్రిస్మస్ చెట్టు కిందికి చేరింది. చెట్టు కింద ఊరు, ఊరిచుట్టూ కంచె, కొన్నాళ్లకి కంచె పక్కనే రైలు. బాల్టిమోర్‌లో దీన్ని క్రిస్మస్ తోట అనీ రైలు తోట అనీ అంటారు. ఇక్కడ కొన్ని ఫైర్‌స్టేషన్లలో కూడా డిసెంబరులో రైలు తోటలు పెడతారు. జనం పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వెళతారు.

మొదటిసారి ఆ తోట చూసినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. ఇది బొమ్మలకొలువే కదా అనుకున్నాను. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో మా పెద్దమ్మ సంక్రాంతికి కొలువు పెట్టేది. మెట్లమీద దేవుళ్లు, కొండపల్లి బొమ్మలు. మెట్ల కింద నేలమీద ఇసుక పోసి, ఆవాలు, మెంతులు చల్లి పది రోజుల ముందు నుంచీ మొలకెత్తించి పచ్చిక చేసేది. అద్దంముక్క చెరువయ్యేది. ఆ చెరువు పక్కనుంచి ఒక రైలు పోయేది. ఖాళీ అగ్గిపెట్టెలు పెట్టెలు, చొక్కా గుండీలు చక్రాలు, అగరుబత్తి పుల్లలు ఇరుసులు, పౌడరు డబ్బా ఇంజను. పెట్టెకీ పెట్టెకీ మధ్య దారం ముడి. ఒక పెట్టెలో శనగలు, ఇంకోదాంట్లో బియ్యం. పెదనాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. నిజాం రైల్వే కాలంలో, 1893లో, మొదలైన వర్క్‌షాపు అది. ఆయన నిజం పెట్టెలు బాగుచేసేవాడు. ఆయన పనికి జీతం ఉంది, ఫిట్టరన్న పేరుంది. పెద్దమ్మ పనికి 'సరదా' అన్న పేరు తప్ప మరోటి లేదు. అదీ అరిసెల పాకం దింపి, చుట్టాలకి మంచాలు వేసి, రాత్రి పదిన్నరకి మొదలయ్యే సరదా.

మోడలింగ్ అన్న మాట మా పెద్దమ్మకి తెలియదు. తెలిసినా ఆమె చేసేదాన్ని ఆ మాటతో పిలిచేవాళ్లెవరూ ఆ ఇంట్లో లేరు. సెలవుల్లో రైలుపెట్టెలు కట్టడమనేది నేను అమెరికాలో నేర్చుకున్న అలవాటని అందరూ అనుకుంటారు. నేను మాత్రం అలా అనుకోవడంలేదు.

రైలుబొమ్మ ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే నాకు లక్కపిడతలే ఎదురయ్యాయి. జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్లో 1859లో థియొడోర్ మార్క్లిన్ అనే రేకుపనివాడు ఒక చిన్న దుకాణం పెట్టాడు. ఇవాళ మార్క్లిన్ అంటే ప్రపంచమంతా రైలుబొమ్మలు. కానీ ఆ దుకాణంలో మొదట తయారైనవి బొమ్మల వంటింటి సామాన్లు. చిన్న చిన్న రేకు గిన్నెలు, పళ్లేలు, పొయ్యిలు! మనకి ఏటికొప్పాక లక్కపిడతలు ఎలాగో వాళ్లకి అవి అలాగ. ఆడపిల్ల చేతిలో పెట్టి, నీ లోకమిదీ అని చెప్పే బొమ్మలు.

ఆ గిన్నెల్ని అమ్మింది ఎవరు? థియొడోర్ భార్య కరొలీన్. ఆమె దక్షిణ జర్మనీ, స్విట్జర్లాండ్ ఊళ్లు తిరిగి ఆర్డర్లు తెచ్చేది. 19వ శతాబ్దం మధ్యలో ఒక స్త్రీ సరుకు పట్టుకుని ఒంటరిగా ఊళ్లు తిరగడం ఎంత సాహసమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. 1866లో భర్త చనిపోయాడు. చిన్న పిల్లలు, చిన్న వ్యాపారం. ఆమె దుకాణం మూసెయ్యలేదు. మళ్లీ పెళ్లి చేసుకుంది గానీ వ్యాపారాన్ని వదల్లేదు. ఇరవయ్యేళ్లకి పైగా నిలబెట్టి కొడుకులకి అప్పజెప్పింది. 1888లో కొడుకుల పేర సంస్థ కొత్తగా ఏర్పడింది. దాని పేరు 'మార్క్లిన్ బ్రదర్స్'! తల్లి నిలబెట్టిన ఇంటికి అన్నదమ్ముల బోర్డు.

ఆ కొడుకులు 1891లో లైప్సిగ్ వసంతకాలపు సంతలో కీ ఇస్తే తిరిగే రైలుని, దానికి పట్టాలని కలిపి ఒక వరుసగా ప్రదర్శించారు. రైలుబొమ్మలు అంతకుముందూ ఉన్నాయి. వీళ్లు చేసిన కొత్త పని ఏమిటంటే, పట్టాల వెడల్పులకి కొలతలు, నంబర్లు పెట్టారు. ఈ ఏడాది ఇంజను కొంటే వచ్చే ఏడాది ఒక పెట్టె, ఆపై ఏడాది ఒక స్టేషను కొనుక్కుని కలుపుకోవచ్చు. ఈ ఆలోచన వాళ్లకి ఎక్కణ్నుంచి వచ్చింది? బొమ్మల వంటింటి నుంచే. ఒకసారి బొమ్మరిల్లు కొన్నవాళ్లు ప్రతి పండక్కీ దానికొక గిన్నె, ఒక కుర్చీ కొంటూనే ఉంటారని ఆ ఇంటికి బాగా తెలుసు. ఆడపిల్లల ఆటలో ఉన్న కిటుకుని మగపిల్లల ఆటలోకి తెచ్చారు. ఇవాళ నేను ఏడాదికి నాలుగు పెట్టెలు కొని పాతవాటికి తగిలిస్తున్నానంటే అది కరొలీన్ అమ్మిన గిన్నెల లెక్కే.

మరి మగపిల్లవాడు ఎప్పుడొచ్చాడు? 1900లో న్యూయార్కులో జాషువా లయొనెల్ కోవెన్ తన మధ్యపేరుతో లయొనెల్ సంస్థ పెట్టాడు. మొదట చేసిన విద్యుత్ రైలు ఆటవస్తువు కాదు. దుకాణం అద్దాల వెనక దారినపోయేవాళ్లని ఆకర్షించడానికి పెట్టిన మూతలేని చెక్కపెట్టె. జనం లోపలున్న సరుకుని వదిలేసి ఆ పెట్టెనే అడిగారు. ఆ తర్వాత కోవెన్ అమ్మింది రైలుని మాత్రమే కాదు, తండ్రీకొడుకుల అనుబంధాన్ని కూడా. కేటలాగుల్లో, పత్రికా ప్రకటనల్లో క్రిస్మస్ చెట్టు, చెట్టు కింద పట్టాలు, పట్టాల పక్కన బోర్లా పడుకున్న కొడుకు, అతని పక్కన తండ్రి. తల్లి ఉంటే వెనక నిలబడి సంతోషపడుతూ ఉంటుంది. ఇంగ్లండులోనూ ఇదే వరస. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానోకి పేటెంటు తీసుకున్నాడు, 1920లో రైళ్లు మొదలుపెట్టాడు. 1916 నుంచి నడిపిన పత్రికలో అతను మాట్లాడింది అబ్బాయిలతోనే. ఇంజనీరు కావలసినవాడు అబ్బాయే అన్న మాట ఆ పత్రిక ద్వారా లోకమంతా పాకింది.

లయొనెల్ ఆడపిల్లల్ని పూర్తిగా మరిచిపోలేదు. 1930లో వాళ్ల కోసం నిజంగా వేడెక్కే విద్యుత్ పొయ్యి ఒకటి తయారుచేసింది. అన్నకి రైలు, చెల్లికి పొయ్యి. గోపింగెన్ రేకు గిన్నెలు అట్లాంటిక్ దాటి, కరెంటు పెట్టుకుని తిరిగొచ్చాయన్నమాట!

యుద్ధం వచ్చింది. 1942లో లోహం అంతా యుద్ధానికి మళ్లి రైలుబొమ్మల తయారీ ఆగింది. 1943 క్రిస్మస్‌కి లయొనెల్ అట్ట రైలు అమ్మింది. ముక్కలు విరిచి, మడిచి, చీలికల్లో దూర్చి ఇంట్లోనే కట్టుకోవాలి. కట్టడం ఎంత కష్టమో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అదే 1943లో జాక్ డెలానో అనే ఫోటోగ్రాఫర్ అయొవా రాష్ట్రంలోని క్లింటన్ ఊళ్లో, ఇంజన్ల షెడ్డులో, ప్రభుత్వం కోసం ఫోటోలు తీశాడు. తలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు ఆవిరి ఇంజన్లు తుడుస్తూ, కడుగుతూ, మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటూ ఉంటారు. మగవాళ్లు యుద్ధానికి పోతే రైళ్లు నడిపించిన చేతులవి. యుద్ధం ముగిశాక చాలామందిని ఇంటికి పొమ్మన్నారు. అసలు రైలు దగ్గర్నుంచి ఆడవాళ్లని పంపేసిన ఆ కాలంలోనే బొమ్మరైలు అమెరికాలో తన వైభవం చూసింది.

1957లో లయొనెల్ మళ్లీ ఆడపిల్లల వైపు తిరిగింది. ఈసారి పొయ్యి కాదు, రైలే ఇచ్చింది. గులాబీరంగు ఆవిరి ఇంజను, లేత పసుపు పెట్టె, లేత నీలం పెట్టె, లేత ఊదారంగు హాపరు, వెనక ఆకాశనీలం గార్డుపెట్టె. అది అమ్ముడుపోలేదు. రైలు కావాలనుకున్న అమ్మాయిలకి అన్న దగ్గరున్నలాంటి, స్టేషనులో చూసినలాంటి నల్లటి ఇంజనే కావాలి. మిగిలిపోయినవాటికి కొందరు దుకాణదారులు నల్లరంగు పూసి అమ్మేశారని చెప్పుకుంటారు. ఇవాళ పాతవస్తువులు పోగుచేసేవాళ్లు ఆ గులాబీ రైలుని ఎంత డబ్బయినా పోసి కొంటున్నారు. కొనేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే.

గులాబీరంగు మీద నాకు కోపం లేదు. ఆ రంగు ఇష్టపడే పిల్లల్ని తక్కువ చెయ్యడమూ నా ఉద్దేశం కాదు. నా అభ్యంతరం వేరు. ఆడపిల్లకి ఏం కావాలో ఆడపిల్లని అడగకుండానే తేల్చేశారు. అమ్ముడుపోకపోయేసరికి ఆడపిల్లలకి రైళ్లంటే ఇష్టముండదన్న తీర్మానమూ తేలిగ్గా దొరికింది. వాళ్లు కాదన్నది రైలుని కాదు, తమ కోసం వేసిన రంగుని.

ఈ కథలో ఇంకో సంగతి ఉంది. బొమ్మ పెట్టెమీద అబ్బాయి ఉన్నాడు సరే, పెట్టెలో వస్తువుని తయారుచేసింది ఎవరు? లివర్‌పూల్ బిన్స్ రోడ్డు మీదున్న మెకానో ఫ్యాక్టరీలో ఎందరో ఆడవాళ్లు రంగులు వేశారు, భాగాలు బిగించారు, పెట్టెలు సర్దారు. 1979 నవంబరులో ఆ ఫ్యాక్టరీని హఠాత్తుగా మూసేసినప్పుడు కార్మికులు లోపలే ఉండిపోయి నెలల తరబడి పోరాడారు. ఆ తర్వాత తయారీ ఆసియాకి మళ్లింది. ఇవాళ అమెరికాలో అమ్ముడయ్యే మోడల్ రైళ్లలో అత్యధికం చైనాలో తయారవుతాయి. 1993 మే 10న థాయ్‌లాండ్‌లో ఒక బొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 188 మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు పల్లెలనుంచి వచ్చిన యువతులు. బయటికొచ్చే దారులకి తాళాలు వేసి ఉన్నాయి. గుడ్డబొమ్మలు, ప్లాస్టిక్ బొమ్మలు చేసే ఆ ఫ్యాక్టరీలో హాంకాంగ్ కాడర్ సంస్థకి వాటా ఉంది. ప్రసిద్ధమైన బాక్‌మన్ మోడల్ రైళ్ల సంస్థని 1980లలో కొన్నది కూడా కాడర్ సంస్థే. నేను కిట్ విప్పి భాగాలు లెక్కపెట్టుకుంటున్నప్పుడు, అంతకుముందు వాటిని లెక్కపెట్టి సంచిలో వేసిన చేతులు గుర్తొస్తాయి. నాకు సెలవుల సరదా అయింది ఎవరికో పన్నెండు గంటల పని. ఈ సంగతి తెలిసి సరదా మానెయ్యలేదు. కానీ సరదా అన్న మాటని ఇదివరకటంత తేలిగ్గా వాడలేకపోతున్నాను.

సరదాకి ముఖ్యంగా కావలసినవి రెండు, చోటూ తీరికా. యుద్ధం తర్వాత అమెరికాలో శివారు ఇళ్లు లక్షల్లో లేచాయి. చాలా ఇళ్లకి కింద నేలమాళిగ ఉంది. అది మగవాడి చోటయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో ఇర్విన్ అథర్న్ చవకైన కిట్లు తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. 1950ల నుంచి ప్లాస్టిక్ పెట్టెలు వచ్చాయి. నీలంరంగు అట్టపెట్టెలో వచ్చే ఆ కిట్ల మీద ఒక జోకు ఉండేది, పెట్టె ఊపితే చాలు రైలుపెట్టె తయారైపోతుందని. ఆఫీసునుంచి వచ్చి, భోంచేసి, కిందికి దిగి, ఒక సాయంత్రంలో ఒక పెట్టె కట్టుకునేవారు. పైన గిన్నెలు తోమే చప్పుడు వినిపిస్తూ ఉండేది. అథర్న్ కిట్లు ఈ శతాబ్దం మొదటి దశకం దాకా వచ్చాయి. ఎన్నో వేలమంది మగవాళ్లు వాటి గురించి ఆప్యాయంగా రాసుకున్నారు. ఆ రాతల్లో నేలమాళిగ ఉంటుంది, వేడివేడి కాఫీ ఉంటుంది. కాఫీ ఎవరు పెట్టారో ఉండదు.

స్త్రీలకి సెలవంటే ఏమిటో మనకి తెలుసు. నలుగురూ ఇంట్లో ఉండే రోజులు కాబట్టి పని రెట్టింపవుతుంది. నేను మొదట్లో భోజనాల బల్లమీదే కిట్లు కట్టేదాన్ని. పూటపూటకీ అన్నీ తీసేసి మళ్లీ పరుచుకోవాల్సి వచ్చేది. వరండాలో ఒక చిన్న బల్ల వేసుకుని, మధ్యాహ్నం రెండింటినుంచి నాలుగింటిదాకా నన్ను పిలవొద్దని చెప్పడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. రైలుపెట్టె కట్టడం నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలింది. ఫోనులో అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, "పండగపూట ఆ జిగురు పనేమిటే తల్లీ, కాస్త నడుం వాల్చరాదూ?" అని. అది నడుం వాల్చడమే అమ్మా అంటాను.

రెండేళ్ల కిందట గూడ్సుపెట్టెలు ఆపి ఒక ప్రయాణికుల పెట్టె తీసుకున్నాను. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్‌రోడ్ వారి నీలం, బూడిద రంగుల పెట్టె. 1827లో ఈ ఊళ్లోనే పుట్టిన సంస్థ అది. కిటికీలకి పారదర్శకమైన ముక్కలు అతికిస్తూ, ఈ పెట్టెల్ని ఎవరు రూపొందించారా అని చదవడం మొదలుపెడితే ఆలివ్ డెనిస్ దొరికింది.

ఆలివ్ 1885లో పుట్టింది, పెరిగింది బాల్టిమోర్‌లో. చిన్నప్పుడు బొమ్మలిస్తే వాటికి బట్టలు కుట్టకుండా ఇళ్లు, సామాన్లు చేసేదట. తన పనిముట్లు పాడుచేస్తోందని తండ్రి ఆమెకి విడిగా పనిముట్లు కొనిచ్చాడు. తమ్ముడి కోసం ఆమె ఒక బొమ్మ ట్రాము కట్టింది. పైన కరెంటు తీగని అందుకునే కడ్డీలతో, అటూ ఇటూ తిప్పుకునే సీట్లతో. అంటే ఆమె కూడా పెట్టె కట్టిన పిల్లే! తర్వాత గణితంలో ఎం.ఏ. చేసి, పాఠాలు చెప్పి, 1920లో కార్నెల్‌లో సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకుంది. అక్కడ ఆ డిగ్రీ పొందిన రెండో స్త్రీ ఆమె. అదే ఏడాది బాల్టిమోర్ అండ్ ఒహాయోలో వంతెనల నమూనాలు గీసే ఉద్యోగంలో చేరింది.

ఏడాది తిరిగేసరికి సంస్థ అధ్యక్షుడు డేనియల్ విలార్డ్ ఆమెని వంతెనల నుంచి తప్పించి ప్రయాణికుల సౌకర్యాల పని అప్పజెప్పాడు. ప్రయాణికుల్లో సగం ఆడవాళ్లు, వాళ్ల అవసరాలు ఆడమనిషికే తెలుస్తాయన్నది వాదం. ఇది గౌరవమా, పక్కకి నెట్టడమా? ఇంజనీరు చేతిలోంచి వంతెన తీసుకుని సబ్బు, తువ్వాలు పెట్టారని నాకు మొదట కోపమొచ్చింది. కానీ ఆలివ్ ఆ పనినే ఇంజనీరింగ్ చేసింది. రాత్రీపగలూ రైళ్లలో తిరిగి, లక్షల మైళ్లు ప్రయాణించి, తనతో కూర్చున్నవాళ్లని అడిగి తెలుసుకుంది. వెనక్కి వాలే సీట్లు, రాత్రిళ్లు తగ్గించుకునే దీపాలు, ఆడవాళ్లకి విశాలమైన గదులు, మరకపడని సీటు గుడ్డలు. కిటికీలోంచి దుమ్ము రాకుండా గాలి మాత్రం వచ్చే ఒక అమరికని కనిపెట్టింది. దానికి డెనిస్ వెంటిలేటర్ అనే పేరు. ప్రయాణికురాలు తన చేత్తో తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు. భోజనాల పెట్టెలో వాడే నీలం పింగాణీ పళ్లేల నమూనా కూడా ఆమెదే. 1947 జనవరిలో బాల్టిమోర్ నుంచి సిన్సినాటికి బయల్దేరిన 'సిన్సినాటియన్' రైలుకి పెట్టెల లోపలి అలంకరణ మాత్రమే కాదు, ఆవిరి ఇంజను పైతొడుగు కూడా ఆమె రూపొందించింది. ఆ పెట్టెలు కొత్తవి కావు. బాల్టిమోర్ మౌంట్ క్లేర్ వర్క్‌షాపులో పాత బరువైన పెట్టెల్ని తీసుకుని తిరిగి కట్టినవి.

ఆలివ్ కన్నా ముందు న్యూయార్కులో మేరీ వాల్టన్ ఉంది. ఇంటి పక్కనుంచి ఎత్తు వంతెనల మీద పోయే రైళ్ల మోత భరించలేక, తన నేలమాళిగలోనే చిన్న రైలుమార్గం నమూనా కట్టుకుని ప్రయోగాలు చేసిందని చెప్తారు. పట్టాల చుట్టూ తారుపూసిన చెక్క తొట్టెలాంటిది పెట్టి, పత్తి, ఇసుక నింపితే మోత తగ్గుతుందని కనిపెట్టి 1881లో పేటెంటు తీసుకుంది. నేలమాళిగలో మోడల్ రైలు కట్టిన మనుషుల జాబితాలో ఆమె పేరు ముందు ఉండాలి. నేను చదివిన మోడల్ రైళ్ల పుస్తకాల్లో ఎక్కడా ఆమె కనిపించలేదు.

ఆలివ్ డెనిస్ 1957లో చనిపోయింది. లయొనెల్ గులాబీ రైలు వచ్చిందీ అదే ఏడాది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆడవాళ్లు ప్రయాణికుల్లో సగం ఉన్నారనీ, ఆడపిల్లలు పిల్లల్లో సగం ఉన్నారనీ ఇద్దరూ గుర్తించారు. ఒకచోట ఒక స్త్రీ రైలెక్కి, పక్కసీటు మనిషిని అడిగి, కిటికీని మార్చింది. రెండోచోట ఎవర్నీ అడక్కుండా పాత అచ్చులోనే పోసి రంగు మార్చారు. స్త్రీల కోసం అంటూ మన ముందుకొచ్చే ప్రతి వస్తువునీ, ప్రతి పథకాన్నీ నేను ఇప్పుడు ఈ రెంటి మధ్య పెట్టి చూస్తున్నాను. కిటికీ మారిందా, రంగే మారిందా?

మోడల్ పెట్టెలు కట్టేవాళ్లలో కొందరికి అడుగున పెన్సిలుతో తేదీ, బరువు రాసుకునే అలవాటుంటుంది. నేను పేర్లు కూడా రాస్తాను. నీలం పెట్టె అడుగున ఆలివ్ అని ఉంది. ఒక గూడ్సుపెట్టె అడుగున కరొలీన్ అని, ఇంకోదాని అడుగున మా పెద్దమ్మ పేరు ఉన్నాయి. పెద్దమ్మ చేసిన అగ్గిపెట్టెల రైలు ఒక్కటి కూడా మిగల్లేదు. పండగ వెళ్లగానే గుండీలు మళ్లీ గుండీల డబ్బాలోకి, అగ్గిపెట్టెలు పొయ్యిలోకి వెళ్లిపోయేవి. ఫోటో లేదు, కొలతలు లేవు. ఇరుసుకి అగరుబత్తి పుల్లే ఎందుకు పనికొస్తుందో, దారం ముడి ఎంత వదులుగా వేస్తే మలుపు తిరుగుతుందో ఆమె ఎలా కనుక్కుందో అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

మీ ఇళ్లలో కొలువు పెట్టిన తరం ఇంకా ఉంటే వెళ్లి అడగండి. మెట్లమీద ఏ దేవుణ్ని పెట్టారని మాత్రమే కాదు, మెట్ల కింద ఏం కట్టారని, దేంతో కట్టారని, ఆ తీరిక ఎక్కణ్నుంచి తెచ్చుకున్నారని అడగండి. చెప్పినవన్నీ కొలతలతో సహా రాసిపెట్టండి.